గంగాళాల రేవులో ఒక ఉదయం

దక్షిణ అట్లాంటిక్ సముద్రంలో, అంటార్కిటికా వైపు ఉన్న దక్షిణ జార్జియా దీవిలో విమానం దిగడానికి చోటే లేదు. ఫాక్లాండ్ దీవుల్లోని స్టాన్లీ రేవు నుంచి సుమారు 1,400 కిలోమీటర్లు ఓడలోనే వెళ్లాలి. మాకు రెండున్నర రోజులు పట్టింది. చేరడానికి ముందు రోజు సాయంత్రమంతా ఓడలో అందరం బూట్ల అడుగుల్లో, జేబుల మూలల్లో ఇరుక్కున్న గింజలనూ మట్టినీ పట్టుకారుతో ఏరుతూ కూర్చున్నాం. నా కోటు చేతి అంచున వెల్క్రోలో ఒక్క గడ్డి గింజ దొరికింది. ఆ గింజ మొలకెత్తితే దీవి పచ్చిక రూపమే మారిపోవచ్చునని మా మార్గదర్శకురాలు చెప్పినప్పుడు, నేను చూడబోతున్నది మనుషుల అజాగ్రత్తకు ఒకసారి బలైపోయిన చోటు అని గుర్తొచ్చింది.

మేము దిగినది గ్రిట్వికెన్ రేవులో. 1904లో నార్వే కెప్టెన్ కార్ల్ ఆంటన్ లార్సెన్ ఇక్కడ తిమింగలాల వేట కేంద్రాన్ని నెలకొల్పాడు కాబట్టి అందరికీ అది తిమింగలాల ఊరుగానే తెలుసు. కానీ పేరు అంతకు రెండేళ్ల ముందే పడింది. 1902లో వచ్చిన స్వీడన్ అన్వేషకులకు ఈ ఒడ్డున పాతకాలపు సీల్ (చల్లని సముద్రాల్లో బతికే క్షీరదం) వేటగాళ్లు వదిలేసిన నూనె గంగాళాలు కనిపించడంతో, దీన్ని గంగాళాల రేవు అన్నారు. గ్రిట్వికెన్ అంటే అర్థం అదే.

అలాంటి గంగాళం ఒకటి దగ్గరగా చూశాను. మా అనకాపల్లి వైపు బెల్లం వండే పెనంకన్నా వెడల్పు తక్కువ, లోతు ఎక్కువ. పోత ఇనుముతో చేసినది. ఒక పక్క మాత్రం చదునుగా ఉంది. అలాంటివి రెండు ఒకదానికొకటి ఆనించి ఇటుక పొయ్యి మీద నిలిపేవారట. భారీ శరీరముండే ఏనుగు సీల్ కొవ్వును ముక్కలుగా కోసి అందులో కరిగించేవారు. ఈ దీవిలో చెట్లు లేవు గనుక కరిగించగా మిగిలిన కొవ్వు చెక్కలనే తిరిగి పొయ్యిలో వేసేవారు, అవి చాలనప్పుడు పెంగ్విన్లను కూడా. చదివినప్పుడు ఒక వాక్యంగా దాటిపోయిన ఈ సంగతి, ఆ ఇనుము అంచు మీద చెయ్యి ఆనించకుండా ఆపుకుంటూ నిలబడ్డప్పుడు కడుపులో తిప్పింది.

బొచ్చు తోలు కోసం వేటాడిన ఫర్ సీల్స్ కథ ఇంకా దారుణం. 1775లో బ్రిటిష్ నావికుడు కెప్టెన్ కుక్ ఈ దీవిని చూసి వెళ్లి, ఇక్కడి సీల్స్ గురించి రాశాడు. తరవాత వేట ఓడలు వరస కట్టాయి. 1800-01 వేసవిలో న్యూయార్క్‌కు చెందిన ‘ఆస్పేషియా’ ఓడ ఒక్కటే 57,000 తోళ్లు తీసుకుపోయింది. ఈ దీవి నుంచి మొత్తం 12 లక్షల తోళ్లు పోయి ఉంటాయని 1820లలో జేమ్స్ వెడెల్ అనే నావికుడు అంచనా కట్టాడు. ఇరవయ్యో శతాబ్దం మొదటికల్లా అవి దాదాపు కనుమరుగయ్యాయి. ఇప్పుడు మళ్లీ లక్షల్లో ఉన్నాయి. మా దారికి అడ్డంగా పడుకున్నవి కూడా వాటి సంతతే.

ఏనుగు సీల్స్ వేట మాత్రం 1964 దాకా సాగింది. 1910 నుంచి లైసెన్సు పద్ధతి పెట్టి, మగ సీల్స్‌నే చంపాలనీ, తీరాన్ని నాలుగు భాగాలుగా విభజించి ఏటా ఒకదానికి విశ్రాంతి ఇవ్వాలనీ నియమం చేశారు. తరవాత రిచర్డ్ లాస్ అనే జీవశాస్త్రవేత్త చంపిన సీల్స్ పళ్లలోని వలయాలను లెక్కించి వయసు కనిపెట్టి, ఆ లెక్కతో వేటను సరిదిద్దించాడు. నెత్తుటి పనిలోనే ఇంత పద్ధతి పుట్టడం నన్ను కలవరపెట్టింది, గౌరవంగానూ అనిపించింది.

ఆ కాలపు మూడు ఓడలు ఇప్పటికీ ఒడ్డున ఉన్నాయి. 1928లో తిమింగలాల వేటకు కట్టి, తరవాత సీల్ వేటకు మళ్లించిన ‘పెట్రెల్’ ఒకటి. మిగిలిన రెండూ, ‘అల్బట్రాస్’, ‘డయాస్’, పక్కపక్కనే ఆనుకుని ఉన్నాయి. డయాస్ 1906లో ఇంగ్లండులో ‘వయోలా’ పేరుతో చేపల ఓడగా పుట్టినది. దాని ఆవిరి ఇంజను నేటికీ లోపలే ఉంది. రేవులో కట్టేసి ఉంచిన చోటే నీట మునిగి ఉన్న ఈ రెండింటినీ 2003-04లో జరిగిన శుద్ధి పనుల్లో పైకి లేపి ఒడ్డుకు చేర్చారు. ఆ పనుల్లోనే ఆస్బెస్టాస్‌నూ (పీలిస్తే ఊపిరితిత్తులకు హాని చేసే ఖనిజ నార) మిగిలిన నూనెనూ తొలగించి, ప్రమాదకరమైన గోడలను కూల్చారు; అందుకే నేడు బాయిలర్లు, కొవ్వు ఉడికించిన భారీ తొట్లు ఆరుబయట నిలిచి ఉన్నాయి. ఇదే దీవిలోని లీత్, స్ట్రామ్నెస్, హుస్విక్ అనే పాత తిమింగలాల వేట కేంద్రాల దగ్గర మాత్రం ఆస్బెస్టాస్ ముప్పు వల్ల 200 మీటర్ల లోపలికి ఎవరినీ రానివ్వరు. అన్నింటినీ కాపాడలేనప్పుడు ఒకదాన్ని ఎంచుకుని, అక్కడ మనుషులు నడిచేలా చేయడమే సరైన పని అని నా అభిప్రాయం. 1992లో పాత మేనేజరు ఇంట్లో మొదలైన మ్యూజియం లేకపోతే నాకు ఈ తుప్పు వట్టి తుప్పుగానే కనిపించేది.

అయితే 19వ శతాబ్దపు వేటగాళ్ల జాడలు ఇంత గట్టివి కావు. ఇంకా దక్షిణాన, దక్షిణ షెట్లాండ్ దీవుల్లోని బయర్స్ ద్వీపకల్పంలో వారు తలదాచుకున్న రాతి గోడల మిగుళ్లు అంటార్కిటికాలోనే అత్యధికంగా ఉన్నాయి. అనుమతి లేనిదే ఎవరూ వెళ్లకూడదు గనుక మేమూ వెళ్లలేదు. అది మంచిదే. కుప్పగా పడి ఉన్న నాలుగు రాళ్లలో ఏది గోడో ఏది కాదో తెలియని నాలాంటివాళ్లు అక్కడ అడుగు పెట్టకపోవడం కూడా సంరక్షణే.

తిరిగి పడవ దగ్గరికి వెళ్లే దారిలో పెట్రెల్ నీడన ఒక ఫర్ సీల్ పిల్ల పడుకుని ఉంది. బర్డ్ ఫ్లూ వచ్చినప్పటి నుంచి ఇక్కడ నేల మీద కూర్చోకూడదు, సంచి కూడా పెట్టకూడదు. అందరం నిలబడే ఆగాం. ఇరవై నిమిషాలకు అది లేచి, మా వైపు ఒకసారి చూసి, తుప్పు రంగు నీటిగుంట మీదుగా తాపీగా సముద్రంలోకి దిగింది. అప్పుడు మేము కదిలాం.