ఆరా, ఏడా? ప్రోటీన్ డేటాబేస్ పనిలో ఈ నెల సంగతులు

నేను తెలుగులో నడిపే చిన్న ప్రోటీన్ డేటాబేస్‌లో ఈ నెల పనంతా ఒక్క నంబర్ చుట్టూనే తిరిగింది. హనుమకొండలో కాకతీయ యూనివర్సిటీ పక్కనున్న కేయూ క్రాస్ దగ్గర రూమ్ తీసుకుని పీహెచ్‌డీ చేస్తున్న మా అక్క బిడ్డ ఒక రాత్రి ఫోన్ చేసి, "మామా, నీ దాంట్లో హిమోగ్లోబిన్ బీటా చెయిన్ ఏడో నంబర్ కొడితే గ్లుటామేటే వచ్చింది, సరే అనుకున్న, తీరా దగ్గరున్న పరమాణువులు చూస్తే పేపర్లో ఉన్నవి కావు" అంది. ప్రోటీన్ అంటే అమైనో ఆమ్లాల గొలుసు, గ్లుటామేట్ వాటిల్లో ఒకటి, నంబర్ అంటే గొలుసులో దాని చోటు. ఆమె చదివేది సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్త జబ్బు మీద. ములుగు, ఏటూరునాగారం, అటు ఆదిలాబాద్ గిరిజన ఊళ్లల్లో ఈ జబ్బుతో బాధపడే కుటుంబాలు ఉన్నాయి, కాబట్టి తప్పు నంబర్ అంటే నాకు నిజంగానే టెన్షన్ పట్టుకుంది.

కొత్తగా చదివేవాళ్ల కోసం ఒక మాట. పీడీబీ, అంటే ప్రోటీన్ల త్రీడీ నిర్మాణాలు దాచే ప్రపంచ భాండాగారం, 1971లో అమెరికాలోని బ్రూక్‌హేవెన్ ల్యాబ్‌లో ఏడు నిర్మాణాలతో మొదలై ఇప్పుడు రెండు లక్షలు దాటింది. అందులోంచి మన దగ్గర రీసెర్చ్ చేసేవాళ్లకు అక్కరకొచ్చేవి, అంటే హిమోగ్లోబిన్‌లు, బీటీ పత్తిలో పురుగును చంపే క్రై టాక్సిన్లు, మిరప ఘాటును పట్టుకునే రిసెప్టర్ లాంటివి ఏరి, తెలుగులో వివరం రాసి, వెతుక్కునేలా పెట్టడమే నేను ఆఫీసు పని అయ్యాక చేసేది. మొత్తం ఒక ఎస్క్యూలైట్ డేటాబేస్ ఫైలు, కొంత పైథాన్, అంతే.

ఇక ఆ ఏడు సంగతి. సికిల్ సెల్‌లో బీటా చెయిన్ ఆరో గ్లుటామేట్ పోయి వాలైన్ వస్తుందని పాత పుస్తకాలన్నీ చెబుతాయి. ఆ లెక్కలో మొట్టమొదటి మెథియోనైన్ ఉండదు, ప్రోటీన్ తయారయ్యేటప్పుడే అది తెగిపోతుంది కాబట్టి. ప్రోటీన్ల అమైనో ఆమ్లాల వరుసలు దాచే యూనిప్రోట్ డేటాబేస్‌లో మాత్రం దాన్నీ లెక్కపెడతారు, అందుకే అదే గ్లుటామేట్ అక్కడ ఏడు అవుతుంది. పీడీబీలోని 4హెచ్‌హెచ్‌బి ఫైలు, అంటే మామూలు హిమోగ్లోబిన్ నిర్మాణం, పాత లెక్కే పాటిస్తుంది. తెరిచి బీటా చెయిన్ మొదలు చూస్తే వాలైన్ 1, హిస్టిడిన్ 2, ల్యూసిన్ 3, థ్రియోనైన్ 4, ప్రోలైన్ 5, గ్లుటామేట్ 6, ఆ వెంటనే మళ్లీ గ్లుటామేట్ 7. యూనిప్రోట్ ఏడును తెచ్చి ఈ ఏడు మీద పెడితే అమైనో ఆమ్లం పేరు కలుస్తుంది, నేను రాసుకున్న చెక్ పాసవుతుంది, దొరికేది మాత్రం పక్క గ్లుటామేట్. అక్కడ ఇంకే అమైనో ఆమ్లం ఉన్నా మొదటి రోజే పట్టుబడేది.

దీనికి సొంత లెక్కలు కట్టొద్దు, ఒకటి కలపడం ఒకటి తీసేయడం అసలే వద్దు. పీడీబీఈ (పీడీబీ యూరప్ విభాగం), యూనిప్రోట్ వాళ్లు కలిసి నడిపే సిఫ్ట్స్ అనే నంబర్ల జతల పట్టికలో ఏ చెయిన్ ఏ యూనిప్రోట్ ఎంట్రీకి ఎక్కడి నుంచి ఎక్కడిదాకా సరిపోతుందో సీఎస్‌వీ ఫైళ్లలో దొరుకుతుంది, అవశేషం అవశేషానికి (గొలుసులోని ఒక్కో అమైనో ఆమ్లాన్ని అవశేషం అంటారు) కావాలంటే ఎక్స్ఎమ్ఎల్ ఉంది. నేను ఎక్స్ఎమ్ఎలే తీసుకున్నాను. ఇప్పుడు ప్రతి అవశేషానికి మూడు నంబర్లు పక్కపక్కనే ఉంటాయి: రచయితలు పెట్టింది, ఫైలు వరుసలోది, యూనిప్రోట్‌ది. వెతికేవాళ్లు ఏ లెక్కలో వెతుకుతున్నారో ముందే ఎంచుకోవాలి. సరిచేశాక సికిల్ సెల్ హిమోగ్లోబిన్ ఫైలు 2హెచ్‌బిఎస్ తెరిచి చూశాను, ఆరో చోట వాలైన్ ఉంది, పక్క హిమోగ్లోబిన్ అణువులోని ఫినైల్అలనైన్ 85, ల్యూసిన్ 88 మధ్య గుంతలో కూర్చుని ఉంది. ఆ రెండు అణువులు ఒకదానికొకటి అతుక్కునేది అక్కడే. చాలాసేపు దాన్నే తిప్పి తిప్పి చూశాను.

ఇదే ఊపులో ఇంకో తప్పు బయటపడింది. నంబర్ కాలమ్‌ను పూర్ణాంకంగా పెట్టాను, కానీ కొన్ని ఎంట్రీల్లో, ముఖ్యంగా యాంటీబాడీల్లో, 52 తర్వాత 52ఎ అని వస్తుంది. అలాంటివన్నీ చప్పుడు లేకుండా రాలిపోయాయి. అక్షరానికి వేరే కాలమ్ ఇచ్చాను. పాత పీడీబీ ఫార్మాట్‌ను ఖాళీల దగ్గర విడగొట్టి చదవడం కూడా మానేశాను, అది కాలమ్ లెక్క ప్రకారం ఉండే ఫార్మాట్, ప్రోటీన్ కాని వాటికి వాడే HETATM వరుసల్లో పరమాణువుల నంబర్ ఐదంకెలకు చేరితే ముందున్న ఆ పదానికి అతుక్కుపోతుంది. ఇప్పుడు పీడీబీ కొత్త ఫార్మాట్ ఎమ్ఎమ్‌సిఐఎఫ్ మాత్రమే, చదవడానికి గెమ్మి లైబ్రరీ.

మిరప రిసెప్టర్ దగ్గర రెండు రోజులు పట్టింది. మార్చిలో వరంగల్ ఏనుమాముల మిర్చి మార్కెట్ ముందు నుంచి బండి మీద పోతే ముక్కులో, కళ్లల్లో మంట లేపేది ఈ టీఆర్‌పీవీ1 ప్రోటీనే, దాన్ని కనిపెట్టిన డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ వచ్చింది. మిరపకు ఘాటునిచ్చే క్యాప్సైసిన్‌తో కలిసి ఉన్న దాని ఫైలు 3జె5ఆర్‌లో అవశేషాల నంబర్లు 603 నుంచి ఎగిరి 627కు పోతాయి. బొమ్మలో కనబడలేదు కాబట్టి ఖాళీ అనుకుని "కనిపించని భాగం" అని గుర్తు పెట్టాను. అది తప్పు. ఎలుక ప్రోటీన్‌లో ఆ ముక్కను ప్రయోగం చేసినవాళ్లే ముందుగా తీసేశారు. కనబడకపోవడం వేరు, అసలు లేకపోవడం వేరు, కాబట్టి రెండింటికీ వేర్వేరు గుర్తులు పెట్టాను.

ఆల్ఫాఫోల్డ్ మోడళ్లు, అంటే ప్రయోగం లేకుండా ఏఐ అంచనా వేసిన నిర్మాణాలు, కలిపేవాళ్లకు ఒక జాగ్రత్త. పరమాణువు ఎంత కదులుతుందో చెప్పే బీ ఫ్యాక్టర్ ఉండే కాలమ్‌లో వాళ్లు నమ్మక స్కోరు పెడతారు. ప్రయోగం నుంచి వచ్చిన ఫైల్లో ఆ అంకె పెద్దదైతే ఆ చోటు అంత స్థిరంగా లేదని అర్థం, ఆల్ఫాఫోల్డ్‌లో పెద్దదైతే మంచిదని అర్థం, 90 దాటితే చాలా నమ్మొచ్చు, 50 లోపైతే ఆ ఆకారాన్ని పట్టించుకోవద్దు. ఒకే రంగుల పట్టీ వాడితే పూర్తిగా తిరగబడుతుంది. రెండింటికీ రెండు కాలమ్‌లు, రెండు రంగుల పట్టీలు చేశాను.

చివరగా ఆటోమేటిక్ అప్‌డేట్ పెట్టాను. పీడీబీ కొత్త ఎంట్రీలు ప్రతి బుధవారం, మన టైం ప్రకారం పొద్దున ఐదున్నరకు విడుదలవుతాయి, అందుకే ఆరింటికి క్రాన్ (టైం ప్రకారం దానంతటదే నడిచే పని) పెట్టాను. మొదటి బుధవారమే కరెంటు పోయి రౌటర్ ఆగింది, పని సగంలో తెగింది. కాబట్టి ఇప్పుడు ఏ ఎంట్రీ వరకు వచ్చిందో ప్రతిసారి రాసుకుంటుంది, మళ్లీ మొదలైతే అక్కడి నుంచే అందుకుంటుంది. మా అక్క బిడ్డ నిన్న మళ్లీ ఏడు కొట్టి చూసింది. "ఇది యూనిప్రోట్ ఏడు, ఫైల్లో ఆరు" అని వచ్చిందట, స్క్రీన్‌షాట్ పంపింది.