ఎనిమిది రోజుల్లో అంత దిబ్బా?

ఇంగ్లండులోని యార్క్ ఊళ్లో బేల్ హిల్ అని ఒక మట్టిదిబ్బ ఉందండి. ఊజ్ నది పక్కన, ఊరి పాత ప్రహరీగోడ మలుపు తిరిగే మూలన, బోర్లించిన గంపలా ఉంటుంది. పైన చెట్లు, చుట్టూ కంచె. గోడ మీద నడిచే టూరిస్టులు ఫోన్లు చూసుకుంటూ దాన్ని దాటిపోతారు. మా అమ్మాయీ అంతే. "అది ఉట్టి మట్టి నాన్నా, చూడాల్సిన కోట అవతలి ఒడ్డున ఉంది, పద" అంది. గౌతమి ఏటిగట్ల మీద వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరైనవాడితో అనాల్సిన మాటేనా అది!

1066లో ఇప్పటి ఫ్రాన్సులో ఉన్న నార్మండీ నుంచి, దాని ఏలిక విలియం సముద్రం దాటి వచ్చి ఇంగ్లండు గెలిచాడు. గెలిచింది చేజారిపోకుండా ముఖ్యమైన ఊళ్లన్నిటా ఇలాంటి దిబ్బలు పోయించాడు. గుండ్రంగా కందకం తవ్వడం, ఆ మట్టినే మధ్యలో పోయడం, నెత్తిన కర్ర బురుజు, దాని చుట్టూ దుంగల దడి. దిబ్బను ఆనుకుని కింద ఇంకో ఆవరణ, దానికీ గట్టూ కందకమూ. సిపాయిలు, గుర్రాలు, వంటశాల అక్కడే. దిబ్బను మాట్ అంటారు, ఆవరణను బెయిలీ అంటారు. యార్క్‌లో నదికి అటొకటి ఇటొకటి, 1068, 69 సంవత్సరాల్లో రెండు లేచాయి. మన రాజమహేంద్రవరంలో రాజరాజనరేంద్రుడి ఏలుబడి ముగిసి అప్పటికి ఎనిమిదేళ్లయినా కాలేదు.

వాటిలో రెండోదే ఈ బేల్ హిల్ అంటారు. ఆ రెండో కోటను ఎనిమిది రోజుల్లో కట్టారని తర్వాతి తరం సన్యాసి ఒకాయన రాశాడు. నాకు నిద్ర పట్టకుండా చేసింది ఈ ఎనిమిది రోజులేనండి. ఆ రాత్రే మనవడి లెక్కల పుస్తకంలో చివరి పేజీ చింపి కూర్చున్నాను. దిబ్బ ఎత్తు ఇంచుమించు 12 మీటర్లు. అడుగున కంటి అంచనాకు 60 మీటర్ల పైచిలుకు, నెత్తిన ఓ 20. అంటే సుమారు 19,000 ఘనపు మీటర్ల మట్టి. తవ్వి, తట్టకెత్తి, ఆ ఎత్తుకు మోసి పోయడానికి మనిషికి రోజుకు రెండు ఘనపు మీటర్లు వేసుకోండి. లీడు, అంటే మట్టి మోసే దూరం, తక్కువే, పక్కనే కందకం. లిఫ్టు, అంటే ఎక్కించాల్సిన ఎత్తు, అదే చంపేస్తుంది. తొమ్మిదిన్నర వేల పనిదినాలు తేలాయి. ఎనిమిది రోజుల్లో కావాలంటే పన్నెండొందల మంది దిగాలి. ఇందులో కింది ఆవరణ గట్టు లేదు, దడి లేదు, బురుజు లేదు.

కుదరదా అంటే కుదురుతుంది. వెనక కత్తి పట్టుకున్నవాడు నిలబడితే ఊరంతా పార పడుతుంది. కానీ నా అనుమానం ఏమిటంటే, తొలి విడతలో ఇంత ఎత్తు పోసి ఉండరు. అదే ఏడాది సెప్టెంబరులో డెన్మార్కు నుంచి ఓడల్లో వచ్చిన డేన్లూ స్థానిక తిరుగుబాటుదార్లూ కలిసి రెండు కోటలనూ ధ్వంసం చేశారు. విలియం మళ్లీ వచ్చి మళ్లీ కట్టించాడు. 1986 గోదావరి వరద తర్వాత మా గట్లు ఎత్తు చేసినట్టే, దీని మీదా రెండో విడత మట్టి పడి ఉంటుంది.

స్లోపు చూశాను. నా కొలతల ప్రకారం రెండుకి ఒకటి, అంటే అడ్డంగా రెండు మీటర్లకు ఎత్తు ఒక మీటరు. మన ఏటిగట్టు స్లోపు అది! వెయ్యేళ్ల కిందటి మేస్త్రీకి ఎవరు చెప్పారో గానీ, మట్టి ఎక్కడైనా అదే మాట చెబుతుంది కాబోలు.

మట్టి ఒక్కసారిగా కుమ్మరిస్తే దిబ్బ నిలవదు. పొరలు పొరలుగా పరిచి, తడిపి, దిమ్మిస కొట్టాలి. బాయూ ఊరి పేరుతో పిలిచే 70 మీటర్ల కుట్టుపని గుడ్డ ఒకటుంది, విలియం గెలుపు కథంతా బొమ్మలుగా కుట్టింది. అందులో హేస్టింగ్స్ దగ్గర దిబ్బ వేస్తున్న బొమ్మను మా అల్లుడు ల్యాప్‌టాప్‌లో పెద్దది చేసి చూపించాడు. దిబ్బను రంగు రంగు చారలతో కుట్టారు. పొరలేనని పండితులు కొందరంటున్నారు, నేనూ ఆ పక్షమే. పారలు పట్టిన కూలీలు ఉన్నారు. వాళ్లలో ఇద్దరు పని మానేసి పారలతో ఒకళ్ల నెత్తి ఒకళ్లు పగలగొట్టుకుంటున్నారు! నవ్వాపుకోలేకపోయాను. ఆ బొమ్మ కుట్టినవాళ్లు మట్టి పని జరిగే చోట నిజంగా నిలబడి చూసినవాళ్లే అయ్యుంటారు.

ఇక అమ్మాయి చెప్పిన 'అసలు కోట', క్లిఫర్డ్స్ టవర్. దాని కిందా ఇలాంటి దిబ్బే. మొదట నెత్తిన ఉన్నది కర్ర బురుజు. 1190లో ఊరి మూక తరిమితే సుమారు 150 మంది యూదులు అందులో తలదాచుకున్నారు, చాలామంది తమ చేతులతో తామే ప్రాణాలు తీసుకున్నారు, బురుజు కాలిపోయింది. మెట్లు ఎక్కుతుంటే మా అమ్మాయి అది చదివి వినిపించింది, ఇద్దరం కాసేపు మాట్లాడుకోలేదు. తర్వాత 13వ శతాబ్దంలో మూడో హెన్రీ రాతి బురుజు కట్టించాడు. నూరేళ్లు తిరిగాయో లేదో, బురుజు పై నుంచి కింది దాకా బీటలు వారింది. పోసిన మట్టి మీద అంత రాయి ఎత్తితే ఏమవుతుందండి! ఆ బీటలు చూశాక తొలివాళ్లు కర్ర వాడటంలో తెలివి అర్థమైంది. త్వరగా అవుతుంది, చుట్టూ అడవి ఉంది, అవన్నీ నిజమే. కానీ కొత్త మట్టి కుంగడం మానేదాకా దాని నెత్తిన తేలిక బరువే ఉండాలి. 1900 దాటాక గోడల కింద కాంక్రీటు పోసి నిలబెట్టారట.

ఇంకో సంగతి చెప్పకపోతే మా కాలవల బ్యాచ్ నన్ను తిడుతుంది. ఈ క్లిఫర్డ్స్ టవర్ కోట కందకంలోకి నీళ్లు పట్టడానికి విలియం పక్కనున్న ఫాస్ అనే చిన్న నదికి అడ్డంగా కట్ట వేయించాడు. వెనక పెద్ద చెరువు నిలిచింది. 1086లో అతనే చేయించిన భూముల సర్వేలో, ఆ చెరువు కింద రెండు కొత్త మిల్లులూ, ఇంత సాగుభూమీ పోయాయని రాసి పెట్టారు. ముంపు లెక్క అప్పుడూ ఉంది. పరిహారం లెక్క మాత్రం అందులో లేదు.

మన డెల్టాలోనూ దిబ్బలకు కొదవ లేదు. మామిడికుదురు పక్కన ఆదుర్రులో దుబరాజు గుడి అని జనం పిలుచుకునే దిబ్బను 1953లో తవ్వితే కింద ఇటుకల బౌద్ధ స్తూపం బయటపడింది. అది బతికిపోయింది. మిగతావాటి మీద ఇళ్ల స్థలాల మెరక కోసం ట్రాక్టర్లు తిరుగుతున్నాయి. మీ ఊళ్లో కోటదిబ్బ అనే చోటు ఏదైనా మిగిలి ఉంటే, ఈ ఎండాకాలంలోనే టేపు పట్టి ఎత్తూ, అడుగూ, నెత్తీ కొలిచి నాకు పంపండి. ఎంత మట్టో, ఎంతమంది మోశారో లెక్క నేను కడతాను.