మోకాలి వెనుక గుంట

మోకాలి బాధ చెప్పుకోవడానికి వచ్చేవారిలో చాలామంది చిప్ప మీదే చెయ్యి పెడతారు. కోనసీమలో ఫిజియోథెరపీ చేస్తున్న నేను మాత్రం ముందుగా వారిని వెనక్కి తిరిగి నిలబడమంటాను. పిక్కకూ పాదానికీ చేరవలసిన రక్తమూ, స్పర్శా, కదలికా దాదాపు పూర్తిగా మోకాలి వెనుక ఉన్న ఆ ఇరుకు చోటునుంచే సాగుతాయి. గొంతుకూర్చుని పనిచేసేవారు ఇంతమంది ఉన్న డెల్టాలో ఆ చోటు నిర్మాణం అందరికీ కొంతైనా తెలిసి ఉండాలని నా గట్టి నమ్మకం.

కాలు చాపినప్పుడు గుంట కనిపించదు. కుర్చీలో కూర్చుని మోకాలు మడిస్తే ఇరువైపులా గట్టి టెండన్లు, అంటే కండరాన్ని ఎముకకు బిగించే తాళ్లు, చేతికి తగులుతాయి. బయటివైపుది బైసెప్స్ ఫెమోరిస్ అనే తొడ వెనుక కండరానిది. లోపలివైపు సన్నగా తగిలేది సెమీటెండినోసస్, దాని అడుగున వెడల్పుగా ఉండేది సెమీమెంబ్రనోసస్. దిగువన పిక్క కండరపు రెండు తలలు ఇరువైపులనుంచీ వచ్చి కలుస్తాయి. ఈ నాలుగు అంచుల నడుమ ఉన్న చోటు పేకముక్క మీది డైమను గుర్తులా ఉంటుంది. పైన చర్మమూ బలమైన పొరా కప్పి ఉంచగా, అడుగున తొడ ఎముకా, కీలు తొడుగూ, పాప్లిటియస్ అనే చిన్న కండరమూ ఉంటాయి. నిటారుగా నిలబడి బిగుసుకున్న మోకాలిని మడవడానికి వీలుగా విడిపించేది ఆ చిన్న కండరమే.

లోపల కొవ్వులో ఒదిగి ఉన్నవాటి వరుసే అన్నిటికన్నా ముఖ్యమైనది. వెనుకనుంచి లోతుకు వెళ్తే మొదట టిబియల్ నాడి, తరువాత సిర, అన్నిటికన్నా అడుగున ఎముకకు ఆనుకుని పాప్లిటియల్ ధమని ఉంటాయి. అంత లోతున ఉండడంవల్లనే ఆ ధమని కొట్టుకోవడం సులభంగా తెలియదు. మోకాలు మడిచి, పై పొరను వదులు చేసి, రెండు చేతుల వేళ్లతో లోతుగా నొక్కితేనే అందుతుంది. పైన తొడ కండరంలోని రంధ్రం దగ్గరా, కింద పిక్క కండరాల దగ్గరా అది కదలకుండా బిగిసి ఉంటుంది. అందువల్ల మోటారు సైకిలు ప్రమాదంలో మోకాలి కీలు పూర్తిగా తప్పితే ధమని సాగి చిరిగిపోయే ప్రమాదం ఉంది. కీలు చుట్టూ అల్లుకున్న చిన్న ధమనులు హఠాత్తుగా అంత భారాన్ని మోయలేవు. రక్తం అందకుండా 6 నుంచి 8 గంటలు గడిస్తే కాలు దక్కడం కష్టమవుతుంది. సఖినేటిపల్లి రేవులో పంటు మీద గోదావరి దాటి నరసాపురం చేరవలసిన ఊళ్లవారికి ఆ గంటల విలువ వేరే చెప్పనక్కరలేదు. కీలు తిరిగి సర్దుకున్నట్టు కనిపించినా పాదం చల్లగా, పాలిపోయి ఉంటే వెంటనే రక్తనాళాల శస్త్రచికిత్స ఉన్న ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

ఇదే ధమని మెల్లగా ఉబ్బి బుడగ కట్టినప్పుడు పరిస్థితి వేరు. 1785లో లండన్‌లో జాన్ హంటర్ అటువంటి రోగికి కాలు తీసివేయకుండా, తొడలోనే ధమనిని కట్టివేశారు. పక్క దారుల్లో చేరిన రక్తంతో కాలు బతికింది.

నా దగ్గరకు వచ్చేవారి విషయంలో ఎక్కువగా ఆలోచించవలసింది బయటి అంచున ఉన్న కామన్ పెరోనియల్ నాడి గురించి. బైసెప్స్ టెండన్‌ను అనుసరించి దిగి, మోకాలి కింద బయటివైపు చేతికి తగిలే ఎముక బుడిపెకు కాస్త దిగువన అది ఎముకను చుట్టి ముందుకు వెళ్తుంది. అక్కడ దానికి చర్మం తప్ప రక్షణ దాదాపు లేదు. కడియం నర్సరీల్లో సంచులకు మట్టి నింపుతూనో, మళ్లలో నారు తీస్తూనో గంటల తరబడి గొంతుకూర్చుంటే ఆ నాడి నలుగుతుంది. మొదట పాదం పైభాగం మొద్దుబారుతుంది, ఆపైన పాదం ఎత్తలేక వేళ్లు నేలకు తగులుతాయి. దీన్ని పక్షవాతమని భయపడవలసిన పని లేదు, అలాగని తిమ్మిరేనని వదిలేయనూ కూడదు; ఒత్తిడి తప్పిస్తే చాలామందిలో వారాల్లోనో నెలల్లోనో తగ్గుతుంది. పనిలో తరచుగా లేచి నాలుగడుగులు వేయడమూ, చిన్న పీట వేసుకుని కూర్చోవడమూ నేను ప్రతి ఒక్కరికీ చెప్పే మాటలు. కుష్ఠు వ్యాధిలో కూడా ఇదే నాడి లావెక్కుతుంది కాబట్టి, చర్మం మీద స్పర్శలేని మచ్చలు ఉంటే తప్పక పరీక్ష చేయించుకోవాలి.

పెద్ద వయసువారిలో గుంట లోపలివైపు మెత్తని గడ్డ కనిపిస్తే అది చాలావరకు బేకర్ తిత్తి. అరిగిన కీలులో ఊరిన నీరు సెమీమెంబ్రనోసస్‌కూ పిక్క కండరానికీ మధ్యనున్న సంచిలోకి చేరడంవల్ల అది వస్తుంది. మూలం కీలులో ఉంది కనుక సూదితో నీరు తీసినా మళ్లీ నిండవచ్చు. దాన్ని నూనె రాసి గట్టిగా పిసికించుకునే అలవాటును నేను ఎంతమాత్రం సమర్థించను. తిత్తి పగిలితే పిక్క వాచి నొప్పి పెడుతుంది. లోపలి సిరలో రక్తం గడ్డకట్టినప్పుడూ అచ్చం అలాగే ఉంటుంది. ఈ రెంటినీ చేతితో తడిమి తేల్చలేము కాబట్టి, ఒక కాలు పిక్క మాత్రమే హఠాత్తుగా వాచినవారిని నేను బల్లమీద పడుకోబెట్టకుండా ముందు సిరల్లో రక్తం పారే తీరు చూపే డాప్లర్ స్కానుకు పంపుతాను.