వేడి చేసిందనుకున్న నాలుగు రోజులు

రెండేళ్ల క్రితం వేసవిలో, ఒక ఆదివారం సాయంత్రం జననాంగానికి ఎడమవైపు చీమలు పాకుతున్నట్టు జివ్వుమనడం, దానితోపాటు సన్నని దురద మొదలయ్యాయి. చర్మం మీద ఏమీ కనిపించలేదు. మర్నాడు మూత్రానికి వెళితే మంట కూడా తోడవడంతో, ఎండలకు వేడి చేసిందని అత్తయ్యగారు సబ్జా గింజలు నానబెట్టి, బార్లీ కాచి ఇచ్చారు. నేనూ అదే నమ్మి మజ్జిగ మీదే గడిపాను.

మూడో రోజు ఒళ్లు నొప్పులతో జ్వరం వచ్చింది, గజ్జలో బిళ్ళ కట్టింది. కాలికి దెబ్బ తగిలితే బిళ్ళ కడుతుందని చిన్నప్పటి నుంచి వింటున్నదే కాబట్టి రెండు పాదాలూ వెతికి చూసుకున్నాను. చిన్న గీత కూడా లేదు. డాక్టరు దగ్గరికి వెళ్లవలసింది ఆ పూటే. సిగ్గు అడ్డొచ్చి, మందుల దుకాణంలో దురదకని చెప్పి ఒక ట్యూబు తెచ్చుకుని రాసుకున్నాను. అందులో స్టెరాయిడ్ కలిసి ఉందని, ఇటువంటి పుండుకు అది చేటు చేస్తుందని తరువాత డాక్టరుగారు ఆ ట్యూబు వెనుక ఉన్న సన్నని అక్షరాలు చదివి చెప్పారు.

నాలుగో రోజు రాత్రి చేతి అద్దం పెట్టి చూసుకుంటే, ఎర్రబడిన చర్మం మీద ఆవగింజలంత నీటి పొక్కులు ఆరో ఏడో ఒకే చోట గుంపుగా లేచి ఉన్నాయి. తెల్లవారేసరికి వాటిలో రెండు చితికి పుండ్లయ్యాయి. వాటికి మూత్రం తగిలితే ప్రాణం విలవిలలాడేది.

గైనకాలజిస్టు అడిగిన మొదటి ప్రశ్న, మంట లోపల పుడుతోందా, మూత్రం చర్మానికి తగిలినప్పుడు పుడుతోందా అని. తగిలినప్పుడే అన్నాను. పొక్కులు చూసి హెర్పిస్ అనే వైరస్ వల్ల వచ్చినవి కావచ్చన్నారు. చితకని పొక్కు అడుగు నుంచి దూది పుల్లతో నమూనా తీసి, అందులో వైరస్ ఉందేమో వెతికే పీసీఆర్ పరీక్షకు పంపి, సిఫిలిస్, హెచ్‌ఐవీ పరీక్షలు కూడా చేయించారు. హెర్పిస్‌ను ఎదుర్కోవడానికి ఒళ్లు తయారుచేసుకునే యాంటీబాడీలు రక్తంలో కనిపించడానికి వారాలు, ఒక్కోసారి మూడు నెలలు పడుతుంది కనుక, ఇంత తొందరగా ఆ రక్తపరీక్ష చేయించి నెగటివ్ వచ్చినా నమ్మడానికి లేదన్నారు. ఫలితం కోసం ఆగకుండా, వైరస్‌ను అణిచే ఎసైక్లోవిర్ 400 మిల్లీగ్రాముల మాత్రలు రోజుకు మూడు చొప్పున 10 రోజులకు రాశారు. మూత్రానికి కూర్చున్నప్పుడు గోరువెచ్చని నీళ్లు పోసుకుంటూ ఉండమన్న సలహా మాత్రల కంటే ముందు నన్ను ఆదుకుంది.

పరీక్షలో తేలింది మొదటి రకం హెర్పిస్, అంటే పెదవుల మీద జ్వరం పొక్కులు తెప్పించేదే. మా వారికి అంతకు వారం ముందు పై పెదవి మీద ఒక పొక్కు లేచింది. నోటి నుంచి జననాంగానికి అది అంటుకుంటుందని మా ఇద్దరికీ తెలియదు. ఆ సంగతి తెలిసేవరకూ ఇంట్లో ఒకరినొకరం ఎలా చూసుకున్నామో రాయడం ఇక్కడ అనవసరం.

పుండ్లు పూర్తిగా మానడానికి దాదాపు మూడు వారాలు పట్టింది. వైరస్ మాత్రం నడుము కింది నరాల మొదట్లో దాగి ఉండిపోతుంది, దాన్ని అక్కడి నుంచి తొలగించే మందు లేదు. అయితే జననాంగం దగ్గర మొదటి రకం తిరగబెట్టడం రెండో రకం కంటే తక్కువ. నాకు ఎనిమిది నెలల తరువాత ఒక్కసారి తిరగబెట్టింది. అదే ఎడమవైపు, అవే చీమలు. ఈసారి జ్వరమూ లేదు, బిళ్ళా లేదు. డాక్టరుగారు ముందే రాసి ఇచ్చిన మాత్రలు ఆ గంటలోనే మొదలుపెట్టాను. రెండు పొక్కులు మాత్రం లేచి ఐదు రోజుల్లో ఎండిపోయాయి. ఇప్పుడు మా వారు పెదవి జివ్వుమంటే ఆ మాట ముందుగా నాకే చెబుతారు.