కిడ్నీ ఇచ్చే మనిషి సంగతి

తన మేలు తాను బుద్ధితో ఆలోచించి చూసుకోవడమే మనిషి ధర్మమా, పరుల కోసం తనను తాను వదులుకోవడం ధర్మమా అన్న తగాదా నీతిశాస్త్రంలో ఇంకా తెగలేదు. పరుల కోసం బతకడమే నీతి అని పందొమ్మిదో శతాబ్దంలో ఫ్రెంచి తత్త్వవేత్త ఆగస్ట్ కామ్ట్ బోధించారు. ఎవరి జీవితం వారికే పరమార్థమని, త్యాగాన్ని ధర్మంగా నెత్తిన రుద్దడం అన్యాయమని ఇరవయ్యో శతాబ్దంలో అమెరికన్ రచయిత్రి అయన్ రాండ్ వాదించారు. వీరిద్దరికీ మధ్యకాలంలో ఆంగ్ల తత్త్వవేత్త హెన్రీ సిడ్జ్‌విక్, స్వహితమూ సర్వహితమూ రెండూ బుద్ధికి సమ్మతమేనని, అవి ఢీకొన్నప్పుడు ఏది నెగ్గాలో బుద్ధి తేల్చలేకపోతోందని నిజాయితీగా ఒప్పుకున్నారు. ఈ చిక్కు నాకు కిడ్నీ మార్పిడిలో కనిపించినంత స్పష్టంగా మరెక్కడా కనిపించలేదు. అక్కడ ఆరోగ్యంగా ఉన్న మనిషి, తన ఒంటికి ఏ లాభమూ లేని కోతకు సిద్ధపడి బల్లమీద పడుకుంటాడు.

1954 డిసెంబర్ 23న బోస్టన్‌లో రోనాల్డ్ హెరిక్ అనే ఇరవై మూడేళ్ల యువకుడు తన కవల సోదరుడు రిచర్డ్‌కు కిడ్నీ ఇచ్చాడు. విజయవంతమైన మొట్టమొదటి కిడ్నీ మార్పిడి అదే. దానికి నాయకత్వం వహించిన జోసెఫ్ ముర్రేకు 1990లో నోబెల్ బహుమతి వచ్చింది. జబ్బులేని మనిషిని కోయడం వైద్యధర్మానికి విరుద్ధం కాదా అని ఆ వైద్యులు మథనపడి, మతాచార్యులను, న్యాయవాదులను కూడా సంప్రదించారు. ఆపరేషన్‌కు ముందు జరిగిన మాటల్లో రోనాల్డ్ ఒక ప్రశ్న అడిగాడు: ఇకముందు నా ఆరోగ్యం బాధ్యత ఆసుపత్రి తీసుకుంటుందా? అలాంటి హామీ రాసి ఇవ్వలేమని చెప్పిన వైద్యుడే, నీకు అవసరం వస్తే ఈ గదిలో ఉన్నవాళ్లలో ఎవరైనా కాదంటారనుకుంటున్నావా అని తిరిగి అడిగాడట. ముందురోజు రాత్రి, ఇంటికి వెళ్లిపొమ్మని రిచర్డ్ చీటీ పంపితే, ఇక్కడే ఉంటానని రోనాల్డ్ జవాబు రాశాడు. రిచర్డ్ మరో ఎనిమిదేళ్లు బతికాడు.

రాండ్ వాదం ప్రకారం చూస్తే ఇది త్యాగమే కాదు. ఎక్కువ విలువైనదాన్ని తక్కువ విలువైనదాని కోసం వదులుకోవడమే ఆమె దృష్టిలో త్యాగం. సోదరుడి ప్రాణం రోనాల్డ్‌కు అంత విలువైనదైనప్పుడు అతను తన మేలే చూసుకున్నట్టు లెక్క. ఈ వాదం నాకు సరిపడదు. ప్రేమతో చేసిన ప్రతి పనినీ స్వహితం ఖాతాలో రాసేస్తే ఆ మాటకు అర్థమే మిగలదు. కిడ్నీ ఇచ్చినవాడికీ, ఇవ్వకుండా తప్పుకున్నవాడికీ తేడా చెప్పలేం. అయితే ఆమె వాదంలో ఒక భాగాన్ని మాత్రం నేను పూర్తిగా ఒప్పుకుంటాను. మరొకరి శరీరాన్ని బాకీలా అడిగే హక్కు ఎవరికీ లేదు.

మా పెద్దమ్మ తన కొడుక్కి కిడ్నీ ఇచ్చింది. అనుమతికి ముందు ఆసుపత్రివాళ్లు మా అందరినీ బయటికి పంపి, ఆమెతో విడిగా మాట్లాడారు. ఇష్టం లేకపోతే చెప్పమ్మా, మీ అబ్బాయికి తెలియనివ్వం అన్నారట. ఆమె ఇష్టం గురించి ఒక్క ముక్కలో తేల్చేసి, తర్వాత అడగాల్సినవన్నీ అడిగింది. "నాట్లకి వంగొచ్చా బాబూ? గడ్డిమోపు ఎత్తొచ్చా? ఎన్నాళ్లకి?" కొన్ని వారాలపాటు బరువులు ఎత్తకూడదని, మిగిలిన కిడ్నీ కాస్త పెరిగి రెండింటి పనీ చాలామటుకు చేస్తుందని, అయినా ప్రతి ఏడూ పరీక్షలు చేయించుకోవాలని చెప్పారు. ఈ సంగతి విన్న మా బంధువుల్లో ఒకాయన, కన్నతల్లి అయ్యుండి అలా లెక్కలు అడగడమేమిటి అన్నాడు. ఆ మాట నాకు ఇప్పటికీ కోపం తెప్పిస్తుంది. ఆమె అడిగింది రోనాల్డ్ అడిగిన ప్రశ్నే. తనకేమవుతుందో తెలుసుకుని ఇచ్చిన కిడ్నీని ఆమె ఇచ్చిందనవచ్చు. తెలియనివ్వకుండా ఉంటే ఆమె దగ్గర తీసుకున్నారనాలి.

మన దేశంలో బతికుండి అవయవం ఇచ్చేవారిలో అత్యధికులు స్త్రీలు. జాతీయ అవయవ మార్పిడి సంస్థ లెక్కల ప్రకారం 1995 నుంచి 2021 వరకు అవయవాలు పొందినవారిలో ప్రతి ఐదుగురిలో సుమారు నలుగురు పురుషులు. సంపాదించేవాడు ఆయన కదా అన్నది ఇళ్లల్లో వినిపించే సమాధానం. కామ్ట్ బోధన అందరికీ సమానంగా వర్తించవలసినదే. ఇంట్లోకి వచ్చేసరికి అది భార్యకు, తల్లికి మాత్రమే వర్తిస్తోంది. చట్టం రాసినవారికి ఈ సంగతి తెలుసు. 2014 నాటి నిబంధనలు దాత స్త్రీ అయినప్పుడు మరింత జాగ్రత్త తీసుకోవాలని, ఆమె స్వతంత్ర సమ్మతిని అవయవం పొందే వ్యక్తి కాక వేరొకరు ధ్రువపరచాలని ప్రత్యేకంగా చెబుతున్నాయి. దాత లోలోపల వద్దనుకుంటే, వైద్యరీత్యా ఆమె పనికిరాదని మాత్రమే ఇంట్లోవాళ్లకు చెప్పే పద్ధతి పాశ్చాత్య దేశాల ఆసుపత్రుల్లో కూడా ఉంది. వైద్యులు అలా చెప్పడం సబబేనా అని నీతివేత్తలు తర్జనభర్జన పడుతుంటారు. నేను సబబే అంటాను, ఎందుకంటే కాదనడానికి దారి లేని చోట ఔననడానికి విలువ ఉండదు.

స్వహితానికి ఇక్కడ ఇంకొక పద్దు ఉంది, దాని గురించి మాట్లాడేవారు తక్కువ. అవయవదానం చేసిన కేంద్ర ప్రభుత్వోద్యోగులకు 2023 నుంచి గరిష్ఠంగా 42 రోజుల ప్రత్యేక సెలవు ఇస్తున్నారు. పొలం పనులకు వెళ్లే మా పెద్దమ్మకు అలాంటి సెలవు ఇచ్చేవారు లేరు. ఆ సీజనంతా కూలి పోయింది, ఏడాదికోసారి పరీక్షలకు బస్సు చార్జీలు కూడా ఆమే పెట్టుకుంటోంది. కూలి చెల్లిస్తే అవయవాన్ని అమ్ముకున్నట్టు అవుతుందని కొందరు భయపడతారు గానీ, 1994 నాటి చట్టం అవయవ వ్యాపారాన్ని నిషేధిస్తూనే, దాత పెట్టుకున్న ఖర్చులను, దానం వల్ల నేరుగా పోగొట్టుకున్న సంపాదనను తిరిగి ఇవ్వడం ధర చెల్లించడం కిందికి రాదని తన నిర్వచనంలోనే స్పష్టం చేసింది. అంటే దాత కూలిని ప్రభుత్వమే భరించడానికి చట్టం అడ్డు రాదు. కిడ్నీ మార్పిడికి ఆరోగ్య పథకాల కింద డబ్బు కేటాయించే ప్రభుత్వాలు, అదే కేటాయింపులో దాత కోల్పోయిన కూలినీ, ఆమె ఏటేటా చేయించుకోవలసిన పరీక్షల ఖర్చునూ చేర్చాలి.