పార్కు దారి సంగతి ముందు చక్రాన్ని అడగండి

గేటు దగ్గర ఒక ర్యాంప్ కట్టి, పక్కన వీల్‌చైర్ బొమ్మ ఉన్న నీలం బోర్డు పెట్టేసి, ఇక ఈ పార్కుకు అందరూ రావచ్చు అంటుంటారు. లోపలికి వెళ్లాక ఆ దారి ఎందాకా పోతుంది, మధ్యలో ఎక్కడ తెగిపోతుంది అన్నది మాత్రం ఎవరూ పట్టించుకోరు. మా అమ్మను వీల్‌చైర్‌లో పార్కులకు తీసుకెళ్లడం మొదలుపెట్టాక నాకు బాగా తెలిసొచ్చింది ఇదే. కిలోమీటరు పొడవునా దారి నున్నగా ఉన్నా సరే, ఒక్కచోట రెండంగుళాల అంచు లేచి ఉంటే మాకు పార్కు అక్కడితో అయిపోయినట్టే. అందుకే ఏ దారినైనా అందులో అన్నిటికంటే అధ్వానంగా ఉన్న చోటును బట్టే అంచనా వేయాలంటాను.

వీల్‌చైర్‌ను ఇబ్బంది పెట్టేది వెనక పెద్ద చక్రాలు కాదు, ముందుండే చిన్న చక్రాలు. అవి ఎటు కావాలంటే అటు తిరుగుతాయి, తేలికపాటి కుర్చీల్లో అయితే ఐదారు అంగుళాలకు మించవు. వాన నీళ్లు పోవడానికి దారి మీద ఇనుప జాలీ వేస్తారు కదా, దాని సందులు మనం వెళ్లే వైపుకే బారుగా ఉన్నాయనుకోండి, చిన్న చక్రం తిన్నగా ఆ సందులోకి దిగి ఇరుక్కుంటుంది. కుర్చీ ఒక్కసారిగా ఆగిపోతుంది, కూర్చున్న మనిషి ముందుకు తూలిపోతారు. అమ్మ రెండు చేతులతో కుర్చీని గట్టిగా పట్టుకుని, పాదాలు జారిపోకుండా బిగబట్టుకోవడం చూశాక నేను ఎక్కడ జాలీ కనిపించినా ముందు దాని సందులే చూస్తున్నాను. అదే జాలీని తిప్పి సందులు దారికి అడ్డంగా వచ్చేలా వేసి, వాటి వెడల్పు 13 మిల్లీమీటర్లు దాటకుండా చూస్తే చక్రం హాయిగా దాటిపోతుంది. ఎత్తుపల్లాలకూ ఇలాంటి లెక్కే ఉంది. అమెరికా ప్రమాణాల ప్రకారం నిట్టనిలువు అంచు 6 మిల్లీమీటర్ల వరకే ఉండొచ్చు, అక్కణ్నుంచి 13 వరకు అయితే అంచును ఏటవాలుగా చెక్కాలి, అదీ దాటితే ర్యాంప్ కట్టాల్సిందే. నడిచేవాళ్లకు ఆ 13 మిల్లీమీటర్లు కంటికి కూడా ఆనవు.

వాలు గురించి అందరికీ కొంత తెలుసు కానీ సగమే తెలుసు. ర్యాంప్‌కు 1:12 అంటారు, అంటే ఒక అడుగు ఎత్తు ఎక్కాలంటే కనీసం 12 అడుగుల పొడవు ఉండాలి. అది గరిష్ఠ పరిమితి, దాన్నే మంచి వాలు అనుకోకూడదు. సొంత చేతులతో చక్రాలు తిప్పుకుంటూ వెళ్లే మనిషికి 1:12 ఎక్కడమంటే భుజాలు లాగేస్తాయి, అందుకే పార్కు దారులు వీలైనంత వరకు 1:20 దాటకుండా ఉంటే మేలు. ర్యాంప్ అయితే 760 మిల్లీమీటర్ల ఎత్తు ఎక్కేలోపు ఎక్కడో ఒకచోట ఆగి ఊపిరి తీసుకోవడానికి ఐదడుగుల చదును ఉండాలి, పక్కన రెయిలింగ్ ఉండాలి. మీ ఫోన్‌లో వాలు కొలిచే యాప్ ఉంటే, ఫోన్ నేల మీద పెట్టి చూడండి. 1:20 అంటే దాదాపు 3 డిగ్రీలు, 1:12 అంటే 5 డిగ్రీలకు కాస్త తక్కువ. 8, 10 డిగ్రీలు చూపించే ర్యాంప్ ఉందంటే అది పేరుకే ర్యాంప్.

ఇక పక్కవాలు. దీని గురించి మాట్లాడేవాళ్లే తక్కువ, నా దృష్టిలో ఎక్కువ బాధ పెట్టేది ఇదే. నీళ్లు నిలవకుండా దారిని ఒక పక్కకు వాల్చి పోస్తారు. అది 2 శాతం లోపు ఉంటే ఫరవాలేదు. అంతకు మించితే కుర్చీ తనంతట తానే పల్లం వైపు లాగేస్తుంటుంది, దాన్ని నేరుగా నడపాలంటే పల్లం వైపు చెయ్యి ఒక్కటే గట్టిగా నెట్టుతూ ఉండాలి, రెండో చెయ్యి బ్రేకు వేస్తున్నట్టు పట్టుకుని ఉండాలి, అలా వంద గజాలు వెళ్లేసరికి మణికట్టు పని అయిపోతుంది. వెనక నుంచి నెట్టే నాకే నడుం నొప్పి వస్తుంది. చూసేవాళ్లకు మాత్రం ఆ దారి చదునుగానే కనిపిస్తుంది.

నేల ఎలా ఉండాలంటే, గట్టిగా, కదలకుండా, తడిసినా జారకుండా ఉండాలి. వదులు కంకర, గులకరాళ్లు, ఇసుక, చెక్కపొట్టు, వీటిలో చిన్న చక్రం దిగబడిపోతుంది. అలాగని అంతా సిమెంటే పోయాలని నేననడం లేదు. రాతిపొడి కలిసిన సన్న కంకరను తడిపి రోలర్‌తో బాగా తొక్కిస్తే చక్కటి గట్టి దారి వస్తుంది, చూడ్డానికీ తోటకు నప్పుతుంది, కానీ ప్రతి పెద్ద వాన తర్వాతా కోతపడ్డ చోట సరిచేసే మనిషి ఉండాలి. ఆ మనిషి లేడంటే ఆ దారి వేయకపోవడమే నయం. అందం కోసం ఎగుడుదిగుడు బండరాళ్లు పరిచే పద్ధతి అయితే నాకు అస్సలు నచ్చదు. వెన్నెముక గాయాలున్నవాళ్లకు ఆ కుదుపు నొప్పిని, కండరాల బిగింపును తెచ్చిపెడుతుంది.

చెట్ల వేర్లు దారిని పైకి లేపేస్తే ఏం చేయాలి? చెట్టు కావాలా వీల్‌చైర్ కావాలా అన్నట్టు మాట్లాడేవాళ్లు నాకు చాలామంది తగిలారు. ఆ ప్రశ్నే తప్పు. వేర్లు నరికితే చెట్టు బలహీనపడి ఏదో గాలివానకు పడిపోతుంది. దారినే కాస్త పక్కకు తిప్పొచ్చు, వేర్ల మీదుగా చిన్న చిన్న దిమ్మెల మీద చెక్క వంతెనలా వేయొచ్చు, లేదా ఆ కాస్త మేర వంగే గుణమున్న రబ్బరు పూత వాడొచ్చు. చెట్టు నీడలో ఆగాలని వచ్చేదీ మేమే కదా.

గేటు విషయం మరో తలనొప్పి. బైకులు రాకుండా స్తంభాలు పాతుతారు, లేదా మెలికలు తిరిగే ఇనుప కంచె పెడతారు. బైక్ హ్యాండిల్ వెడల్పుకూ వీల్‌చైర్ వెడల్పుకూ పెద్ద తేడా లేదు, పైగా చక్రం తిప్పే మోచేతులకూ చోటు కావాలి, కాబట్టి సందు ఇరుకు చేసి ఒకదాన్ని ఆపి ఇంకొకదాన్ని రానివ్వడం కుదిరే పని కాదు. స్తంభాల మధ్య కనీసం మూడడుగులు వదలాలి, బైకుల సంగతి మనిషిని పెట్టో, జరిమానా వేసో చూసుకోవాలి. దారి వెడల్పుకు కూడా మూడడుగులు అన్నది చివరి హద్దే, ఎదురెదురుగా రెండు కుర్చీలు తప్పుకోవాలంటే ఐదడుగులు కావాలి, కవల పిల్లల జంట స్ట్రోలర్, అంటే తోసుకెళ్లే పిల్లల బండి, వచ్చినా అంతే.

స్ట్రోలర్ మాట వచ్చింది కాబట్టి ఒకటి గట్టిగా చెప్పాలి. ర్యాంపులు అందరికీ పనికొస్తాయి, పిల్లల బళ్లకూ సామాన్ల ట్రాలీలకూ కూడా, అని నచ్చజెప్పడం మామూలే, అది నిజం కూడా. కానీ ఈ రెంటినీ ఒకే గాటన కట్టేస్తే నష్టపోయేది వీల్‌చైర్ వాళ్లే. స్ట్రోలర్ హ్యాండిల్ కిందికి నొక్కితే ముందు చక్రాలు లేస్తాయి, అంచు దాటేయొచ్చు. మరీ అయితే బిడ్డను చంకనేసుకుని బండి మడిచి ఎత్తుకోవచ్చు. మనిషి కూర్చున్న వీల్‌చైర్‌ను అలా ఎత్తలేం, బ్యాటరీ కుర్చీ అయితే దాని బరువే 100 కిలోలు దాటిపోవచ్చు. కొన్నిచోట్ల మెట్లకు రెండు పక్కలా చక్రాలు పట్టేలా సన్నటి పట్టీలు పోస్తారు, వాటి మీద తల్లి పిల్లాడి బండిని ఎలాగో లాక్కెళ్తుంది, వీల్‌చైర్ వెళ్లిందంటే బోల్తా పడుతుంది. వీల్‌చైర్‌లో మనిషి ఎవరి సాయమూ లేకుండా వెళ్లగలిగేలా దారి వేయండి, స్ట్రోలర్ దానంతటదే వెళ్తుంది. స్ట్రోలర్‌ను దృష్టిలో పెట్టుకుని వేసిన దారిలో వీల్‌చైర్ వెళ్తుందన్న భరోసా లేదు.

అసలు పది మందికి పనికొస్తుందని నిరూపించాల్సిన అవసరం ఎందుకుండాలో కూడా నాకు అర్థం కాదు. ఐక్యరాజ్యసమితి 2006లో ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒప్పందంలో 9వ అధికరణం ప్రజలకు తెరిచి ఉన్న చోట్లన్నీ వికలాంగులకూ ఇతరులతో సమానంగా అందుబాటులో ఉండాలనే చెబుతుంది. వాళ్లు ఎంతమంది వస్తారన్న లెక్క మీద నిలబడే హక్కు కాదది. దారి లేని చోటికి ఎవరూ రారు, రాలేదు కాబట్టి అవసరం లేదంటారు, ఇదెక్కడి న్యాయం?

బెంచీల దగ్గర కూడా చూడాలి. బెంచీ పక్కనే, దాని వరసలోనే, రెండున్నర అడుగుల వెడల్పు, నాలుగడుగుల పొడవు గట్టి నేల ఉంటే చాలు. అలా లేకపోతే అమ్మను దారి మీదే ఉంచి నేను బెంచీ మీద కూర్చోవాలి, వచ్చేపోయేవాళ్లంతా ఆమెను తప్పుకుంటూ వెళ్లాలి, ఇద్దరం పక్కపక్కన కూర్చుని మాట్లాడుకోవడానికే వీలుండదు.

మీ దగ్గర పార్కులో దారి పనులు మొదలవుతున్నాయంటే కాగితం మీద ప్లాన్ ఉన్నప్పుడే వెళ్లి అడగండి, కాంక్రీటు పోశాక ఎవరూ పగలగొట్టరు. వీల్‌చైర్ వాడేవాళ్లను పిలిచి దారంతా తిప్పి చూపించమనండి, వాళ్ల సమయానికి డబ్బు ఇవ్వమనండి, ఇంజినీర్లకు ఇచ్చినట్టే. అధికారులు కాసేపు వీల్‌చైర్‌లో కూర్చుని ఫొటోలు దిగితే దాంతో ఏమీ తెలియదు. పాత దారి మీద ఫిర్యాదు చేయాలంటే దారి బాగోలేదని రాయకుండా, అంచు పక్కన స్కేలు పెట్టి ఫొటో తీసి, అది గేటు నుంచి ఎంత దూరంలో ఉందో రాసి పంపండి. ఎక్కడికి మనిషిని పంపాలో, ఏ పనిముట్టు తేవాలో అప్పుడే తెలుస్తుంది. పైపు కోసమో కేబుల్ కోసమో తవ్వి పూడ్చిన చోట్లకైతే కొన్నాళ్ల తర్వాత మళ్లీ వెళ్లి చూడండి. పూడ్చిన మట్టి కుంగి, మొదట్లో లేని అంచు అప్పుడే లేస్తుంది.