ఆటపాక గూడబాతులు

ఈ ఉదయమంతా కొల్లేరులో, కైకలూరు పక్కనున్న ఆటపాక పక్షుల కేంద్రంలో గడిపాను. ఇక్కడ గూడబాతులు (పెలికాన్లు) చెట్ల మీదే కాదు, వాటి కోసమే నీళ్లలో నిలబెట్టిన ఇనుప స్టాండ్ల మీద కూడా గూళ్లు పెడతాయి.

ఫొటోల కోసమే వెళ్లినా చాలాసేపు కెమెరా దించేసి చూస్తూ ఉండిపోయాను. పిల్ల తన తలని తల్లి గొంతు సంచిలోకి మెడదాకా దూర్చేసి, రెక్కలు టపటపా కొట్టుకుంటూ చేప లాక్కుంటుంది. తల్లి కదలకుండా నోరు తెరిచి అలాగే నిలబడుతుంది. ఎంత ఓపికో! లెన్స్‌లోంచి చూస్తే పైముక్కు అంచున వరసగా ఉన్న నల్లటి మచ్చలు కూడా విడివిడిగా కనిపించాయి.

ఎగిరే పక్షికి షట్టర్ స్పీడ్ సెకనులో 1/2000 వంతు పెట్టి ఫోకస్ కంటి మీదే ఉంచాను. లేత రంగు ఒళ్లు కదా, ఎండ పెరిగాక ఎక్స్‌పోజర్ (కెమెరాలోకి వెళ్లే వెలుగు) కాస్త తగ్గించాలి, లేకపోతే ఈకల గీతలు పోతాయి.

ఒక్క విషయానికి మాత్రం ఒళ్లు మండుతుంది. రెక్కలు విప్పిన ఫొటో కోసం చప్పట్లు కొట్టి, రాళ్లు విసిరి పక్షుల్ని లేపేవాళ్లుంటారు. తల్లి లేచిపోతే గుడ్లు ఎండకి మాడతాయి, పిల్లలు కాకుల పాలవుతాయి. అలాంటి ఫొటో ఎంత బాగున్నా నేను లైక్ కొట్టను.

చలికాలంలో గూళ్లు నిండుగా ఉంటాయి. వెళ్లాలనుకుంటే మెసేజ్ పెట్టండి, పొద్దున వెలుగు ఎటునుంచి పడుతుందో, ఎక్కడ నిలబడితే బాగుంటుందో చెప్తాను.